విదేశాల్లో మేకమాంసం: ఎక్కడ అడగాలి, ఏమని అడగాలి, ఏ భాగం ఎందుకు దొరకదు

చలిపొయ్యి:
మాది అమెరికాలో పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఊరు. ఇండియన్ స్టోరులో ఫ్రోజెన్ మేకమాంసం డబ్బాలు తప్ప ఇంకేం లేదు. ఆ ముక్కలు ఎంత ఉడికించినా రబ్బరే. ఎముక పొడి నోటికి తగులుతుంది, వాసన కూడా. తాజా మేక కావాలి. తలకాయ, కాళ్లు, బోటీ, కార్జం కూడా కావాలి. సూపర్‌మార్కెట్‌లో అడిగితే లాంబ్ చూపిస్తారు. దారి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. యూకే, జర్మనీ వాళ్లు కూడా రాస్తే మిగతావాళ్లకు పనికొస్తుంది.

కత్తిపీట:
ముందు దుకాణాల వేట ఆపండి. అమెరికాలో తాజా మేకకు మూడు దారులు. ఒకటి, హలాల్ మాంసం దుకాణం. రెండు, మేకలు పెంచే రైతు, ఆయనకు దగ్గర్లోని చిన్న కబేళా. దీన్ని అక్కడ ‘మీట్ ప్రాసెసర్’ అంటారు, ఫోన్లో ఆ మాటే వాడండి. మూడు, పశువుల సంత. టెక్సస్‌లో శాన్ ఏంజెలో, పెన్సిల్వేనియాలో న్యూ హాలండ్ గొర్రెలకూ మేకలకూ పేరున్న సంతలు. కొత్తవాళ్లు సంతకు వెళ్లొద్దు. వయసు, జబ్బు చూసి పట్టుకోవడం రాకపోతే మోసపోతారు, బతికున్న మేకను కారులో తేవడం వేరే తలనొప్పి.

రైతు, ప్రాసెసర్ దారే మీకు సరైనది. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, తేడా తెలియకపోతే చిక్కు.

మొదటిది ప్రభుత్వ తనిఖీ ఉన్న కబేళా. ఇన్‌స్పెక్టర్ ప్రతి జంతువునూ కోతకు ముందూ తర్వాతా చూస్తారు. ప్యాకెట్ మీద గుండ్రటి ముద్ర, అందులో కబేళా నంబరు ఉంటాయి. అమ్మే మాంసానికి ఇది తప్పనిసరి. కొన్ని రాష్ట్రాలకు సొంత తనిఖీ ఉంది, ఆ ముద్రతో మామూలుగా ఆ రాష్ట్రంలోనే అమ్ముకోవచ్చు.

రెండోది ‘కస్టమ్ ఎగ్జెంప్ట్’. బతికుండగానే మేక మీ సొంతం కావాలి. మీ తరఫున కోసి, ముక్కలు చేసి ఇస్తారు. ప్రతి ప్యాకెట్ మీద ‘నాట్ ఫర్ సేల్’ అని ఉంటుంది. మీరు, మీ ఇంటివాళ్లు, మీ ఇంటికొచ్చిన అతిథులు తినొచ్చు. పక్కింటాయనకు కిలో అమ్మినా చట్టవిరుద్ధమే.

రెండుకిలోలు:
కత్తిపీట అన్నా, నాలుగు కుటుంబాలు కలిసి రెండు మేకలు కొంటే? డబ్బు ఒకళ్లు కట్టి తర్వాత పంచుకుంటే అమ్మినట్టు అవుతుందా?

కత్తిపీట:
కోశాక పంచి డబ్బు తీసుకుంటే అమ్మినట్టే. కోతకు ముందే నలుగురి పేర్లూ యజమానులుగా రాయించండి. రైతుకు మేక ధర విడిగా, ప్రాసెసర్‌కు కోత కూలి విడిగా కట్టాలి. రసీదులు రెండూ ఉంచుకోండి. మొత్తం డబ్బు తనకే కట్టమనే రైతు అయితే, తనిఖీ ముద్ర ఉన్న మాంసమేనా అని అడగండి. కాకపోతే వదిలేయండి.

లెక్క దగ్గర కూడా చాలామంది తప్పుతారు. ధర మూడు రకాల బరువుల మీద చెబుతారు: బతికున్న బరువు, తోలూ పేగులూ తీశాక వేలాడదీసిన బరువు అంటే హ్యాంగింగ్ వెయిట్, చేతికొచ్చే మాంసం బరువు. మేకలో వేలాడే బరువు బతికున్న బరువులో 45 నుంచి 50 శాతం. ఉదాహరణకు 70 పౌండ్ల మేక, బతికున్న బరువుకు పౌండు 4 డాలర్లు, కోత కూలి 100 డాలర్లు అనుకుందాం. మొత్తం 380. వేలాడే బరువు సుమారు 34 పౌండ్లు. అంటే ఎముకతో పౌండు 11 డాలర్లు దాటింది. ‘పౌండు నాలుగేనట’ అని మురిసిపోయి బుక్ చేసుకున్నవాళ్లకు చివర్లో దిమ్మ తిరిగేది ఇక్కడే. కాళ్లు, కార్జం, తల ఈ బరువులో లేవు, అవి అదనంగా వస్తాయి, అడిగితేనే.

ఇంకో మాట. చిన్న ప్రాసెసర్లు మేకలను వారంలో ఏవో కొన్ని రోజులే కోస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జింకల వేట కాలం, అప్పుడు చాలాచోట్ల మేకలకు తేదీ ఇవ్వరు. ఈస్టర్, బక్రీద్ ముందు మేకల ధర పెరుగుతుంది, రైతు దగ్గర మంచివి ముందే అయిపోతాయి. వేసవిలో తీసుకుని ఫ్రీజర్‌లో పెట్టుకోవడం నయం.

మూలుగబొక్క:
ఆ ఫ్రోజెన్ డబ్బా సంగతి నేను చెప్తా. మేకమాంసం ఎగుమతిలో ప్రపంచంలో ముందున్నది ఆస్ట్రేలియా. అమెరికాలో దొరికే ఫ్రోజెన్ మేకలో ఎక్కువ భాగం అక్కడిదే. అందులో చాలావరకు ‘రేంజ్‌ల్యాండ్’ మేకలు, అంటే పొలాల్లో కట్టి మేపినవి కావు, ఎడారి లాంటి బీళ్లలో వాటంతట అవి పెరిగి, పట్టి తెచ్చినవి. కొవ్వు తక్కువ, నడిచి నడిచి గట్టిపడ్డ కండ, వయసు కలగాపులగం. ఒకే డబ్బాలో ఎనిమిది నెలల ముక్క, నాలుగేళ్ల ముక్క రెండూ ఉండొచ్చు. అందుకే సగం మెత్తగా, సగం రబ్బరులా ఉంటాయి. వంట తప్పు కాదు బ్రదర్.

అమెరికా సూపర్‌మార్కెట్లలో మేక, లాంబ్, కోడి మాంసాలకు ఏ దేశానిదో రాయాలన్న నిబంధన ఉంది. బీఫ్‌కూ పోర్క్‌కూ 2015లో తీసేశారు, మేకకు ఉంది. కానీ విడి మాంసం దుకాణాలకు అది వర్తించదు, అక్కడ నోటితో అడగాల్సిందే.

లేబుల్ మీద ‘మటన్’ అని ఉంటే నమ్మకండి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో అది ముదురు గొర్రె. ‘గోట్’ లేదా ‘చెవాన్’ అని ఉండాలి. ‘కాప్రెట్టో’, ‘కాబ్రిటో’ అంటే పాలు తాగే పిల్ల. ‘హలాల్’ అన్నది కోసిన పద్ధతి చెబుతుంది, జంతువు ఏదో, దాని వయసెంతో చెప్పదు.

ముక్కలు చేయకముందు చూడగలిగితే గుర్తుపట్టడం తేలికే. గొర్రెకు వీపు మీద, తోక మొదట్లో తెల్లగా మందంగా కొవ్వు ఉంటుంది. మేకకు పైకొవ్వు పల్చన, ఉన్నదంతా లోపల మూత్రపిండాల చుట్టూ. మేక ఒళ్లు సన్నగా పొడుగ్గా ఉంటుంది, పైపొర జిగటగా ఉండి అక్కడక్కడా వెంట్రుకలు అంటుకుంటాయి. గొర్రెకు ఆ జిగట ఉండదు. ముక్కలు చేశాక మాత్రం కొవ్వు చూసి ఊహించడమే.

వయసుకు పక్కటెముకలు చూడండి. లేతదానికి గుండ్రంగా, కోసినచోట ఎర్రగా ఉంటాయి. ముదురుదానికి బల్లపరుపుగా, తెల్లగా. తల ఉంటే పళ్లు చూస్తే చాలు: ముందర రెండు పెద్ద పళ్లు వచ్చాయంటే ఏడాది దాటినట్టు.

చలిపొయ్యి:
మరి ఉన్న డబ్బాను ఏం చేయాలి? ఇంకా రెండు ఉన్నాయి.

మూలుగబొక్క:
ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి నెమ్మదిగా కరిగించండి, రెండు కిలోలకు ఒక రోజు. సింకులో వేడినీళ్లు పోసి కరిగిస్తే పైభాగం పాడవుతుంది, లోపల గడ్డ అలాగే ఉంటుంది. కారిన ఎర్రనీళ్లు పారేయండి, వాసన కొంత అందులోనూ ఉంటుంది. ప్రతి ముక్కనూ పారే నీళ్లలో వేలితో రుద్ది కడగండి. గడ్డకట్టిన మాంసాన్ని రంపం మీద కోసినప్పుడు ఎముక పొడి ముక్కకు అతుక్కుపోతుంది, ఊరికే ముంచి తీస్తే పోదు. తర్వాత లీటరు నీళ్లకు 20 గ్రాముల ఉప్పు వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి వంచేయండి.

లేతదీ ముదురుదీ వేరు చేసి, ముదురు ముక్కలను ముందు కుక్కర్‌లో వేయండి. అంగుళం ముక్కలు లేతవైతే విజిల్ వచ్చాక సన్నమంట మీద 15 నుంచి 20 నిమిషాలు, ముదురువైతే 35 నుంచి 45. విజిళ్లు లెక్కపెట్టొద్దు, ఒక్కో కుక్కర్‌కు ఒక్కో లెక్క. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో ఒత్తిడి మన స్టవ్ మీది కుక్కర్ కన్నా తక్కువ, దానికి నాలుగో వంతు సమయం కలపండి. పచ్చి బొప్పాయి ముద్ద కిలోకు ఒక టేబుల్ స్పూను, గంటకు మించి ఉంచితే పైన పిండి అవుతుంది, లోపల అలాగే ఉంటుంది.

పచ్చికోత:
వయసు ఒక్కటే కాదు. లేత మేకను తెచ్చుకుని కూడా ‘ఉడకలేదు’ అనేవాళ్లు ఉన్నారు. కారణం చల్లబరిచిన తీరు.

కోసిన తర్వాత కండ కొన్ని గంటల్లో బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఒకట్రెండు రోజుల్లో మెల్లగా సడలుతుంది. బిగుసుకోకముందే వండితే మెత్తగా ఉడుకుతుంది. పొద్దున కోసింది మధ్యాహ్నానికి పొయ్యి మీదికి వెళ్లే చోట మాంసం బాగుండేది అందుకే. సడలాక వండినా బాగుంటుంది. మధ్యలో పట్టుకుంటేనే బండ.

అమెరికా, యూరప్ కబేళాల్లో ఇంకో సమస్య తోడవుతుంది. కోసిన వెంటనే 2 డిగ్రీల చలిగదిలో వేలాడదీస్తారు. పశువు ఒళ్లు పెద్దది, కొవ్వు మందం, నిదానంగా చల్లారుతుంది. మేక 12, 15 కిలోల సన్నటి ఒళ్లు, పైన కొవ్వు దుప్పటి లేదు, ఇట్టే చల్లబడుతుంది. కండలో పీహెచ్, అంటే ఆమ్లత కొలత, ఇంకా 6 కంటే పైన ఉండగానే ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడితే కండ పోగులు ముడుచుకుపోతాయి. దీన్ని కోల్డ్ షార్టెనింగ్ అంటారు. కుక్కర్ ఎముక దగ్గర జిగురును కరిగిస్తుంది గానీ ఇలా ముడుచుకున్న పోగులను పూర్తిగా విప్పలేదు.

ప్రాసెసర్‌ను రెండు అడగండి. కోశాక మొదటి కొన్ని గంటలు మరీ చల్లటి మూలలో, ఫ్యాన్ గాలికి ఎదురుగా పెట్టకుండా ఉంచగలరా? ముక్కలు చేసేముందు కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు వేలాడదీస్తారా? మొదటిదానికి చాలామంది ఒప్పుకోరు, వాళ్ల ఆహార భద్రత నియమాలు వాళ్లవి. రెండోది మామూలుగా చేస్తారు. ‘ఈరోజు కోసి ఈరోజే ముక్కలు చేసి ఫ్రీజ్ చేసి ఇస్తాం’ అన్నచోట తీసుకోకండి. మేకను వారం రెండు వారాలు వేలాడదీయమని కూడా అడగొద్దు. కొవ్వు పొర లేనందున ఎండిపోతుంది, పైభాగం కోసి పారేయాలి.

రెండుకిలోలు:
పచ్చికోత గారూ, వాసన గురించి కూడా చెప్పండి. కొన్నిసార్లు వండుతుంటే ఇల్లంతా పోతు కంపు.

పచ్చికోత:
ఆ కంపు పోతుమేకదే. పెద్ద పోతుకు కొమ్ముల వెనక గ్రంథులు ఉంటాయి. ఎద కాలంలో, అంటే ఉత్తరార్ధగోళంలో పగళ్లు కురచయ్యే ఆగస్టు చివర నుంచి, ఇవి బాగా పనిచేస్తాయి. పైగా పోతు తన మీద తానే మూత్రం పోసుకుంటుంది. తోలు తీసేటప్పుడు అదే చేత్తో మాంసం పట్టుకుంటే కంపు అంటుకుంటుంది. మాంసం లోపలి వాసన వేరు, అది కొవ్వులోది, దానికి పేరు 4-ఇథైలాక్టనాయిక్ ఆమ్లం. కండలో తక్కువ, కొవ్వులో ఎక్కువ. కాబట్టి పైకొవ్వు, మూత్రపిండాల కొవ్వు కోసి పారేస్తే చాలావరకు తగ్గుతుంది. పసుపు పట్టిస్తే వాసన మరుగున పడుతుందే తప్ప పోదు.

రైతును ‘వెదర్’ అడగండి, విత్తులు తీసిన పోతు. లేదా ఏడాది లోపు పిల్ల, ఆడదైనా మగదైనా ఫర్వాలేదు. బోయర్ జాతికి కండ ఎక్కువ. పాల జాతి పోతుపిల్లలు చవగ్గా వస్తాయి, ఎముక ఎక్కువ, పులుసుకు బాగుంటాయి, వేపుడుకు తేలిపోతాయి.

కత్తిపీట:
ఇక భాగాలు. అమెరికాలో ఊపిరితిత్తులు దొరకవు, వెతక్కండి. 1971 నుంచి ఏ జంతువు ఊపిరితిత్తులనైనా మనుషుల ఆహారంగా అమ్మడం నిషేధం. స్కాట్లాండ్ వాళ్లు గొర్రె ఊపిరితిత్తులు వేసి చేసే సంప్రదాయ హ్యాగిస్ వంటకం అక్కడ అమ్మకానికి లేకపోవడానికి ఒక కారణం అదే. కార్జం, గుండె, మూత్రపిండాలు, నాలుక, తల, కాళ్లు, బోటీకి అలాంటి అడ్డు లేదు. అడ్డు ఏమిటంటే ప్రాసెసర్ ఓపిక.

ఇవన్నీ కోత రోజున చేతిలోంచి జారి డ్రమ్ములో పడిపోతాయి. మర్నాడు ఫోన్ చేసి ‘కార్జం కూడా కావాలి’ అంటే లేదు. మేకను దింపేటప్పుడే కాగితం మీద రాయించండి. తల తోలు తీసి, రంపంతో రెండుగా కోసి ఇస్తారు. మనకు కావాల్సినట్టు వెంట్రుక కాల్చి తోలుతో ఇవ్వరు, చిన్న కబేళాల్లో మేకకు ఆ సామాను ఉండదు. కాళ్లు మోకాలి దగ్గర కోసి, వెంట్రుకలతో ఇస్తారు.

కాళ్లకు: 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ముంచి, కత్తి వెనకవైపుతో గీస్తే వెంట్రుక ఊడుతుంది. మరిగే నీళ్లు వాడితే తోలు ఉడికి వెంట్రుక లోపలే బిగిసిపోతుంది, ఇక జన్మలో రాదు. వెచ్చగా ఉండగానే గిట్టను పట్టి మెలితిప్పితే డొప్పలా వస్తుంది. మిగిలిన నూగును గ్యాస్ టార్చ్‌తో ఆరుబయట కాల్చండి. ఇంట్లో కాలిస్తే పొగ అలారం మోగుతుంది, అపార్ట్‌మెంట్ అంతా కిందికి దిగుతుంది.

బోటీని ప్రాసెసర్ శుభ్రం చేసి ఇవ్వడం అరుదు. ఖాళీ చేసి, నీళ్లతో కడిగి ఇస్తే అదే గొప్ప. ఇంటికి తెచ్చిన రోజే పని పూర్తి చేయాలి, ఉంచితే వాసన దిగిపోతుంది. పొట్ట సంచిని తిరగేసి చల్లటి నీళ్లలో నీళ్లు తేరేదాకా కడగండి. తర్వాత 60 నుంచి 65 డిగ్రీల నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు, తీసి మొండికత్తితో గీస్తే నల్లపొర పేలికల్లా వస్తుంది. రాకపోతే ఇంకో అరనిమిషం ముంచండి. ఇక్కడ కూడా మరిగే నీళ్లు పోస్తే పొర అతుక్కుపోతుంది. ఆకులు ఆకులుగా ఉండే భాగాన్ని ఒక్కో ఆకూ విడదీసి గీయాలి, ఓపిక లేకపోతే అది పారేయండి, రుచికి పెద్ద తేడా లేదు. పేగులను నిలువుగా చీల్చి ఉప్పు, కొంచెం నిమ్మరసం వేసి రుద్ది కడగాలి. ఆఖర్న పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కూర మొదలుపెట్టండి.

వానఊరు:
యూకే నుంచి. ఇక్కడ మేక దొరకడం కష్టం కాదు, తలకాయ దగ్గరే చిక్కు. గొర్రె, మేక ఏడాది దాటితే పుర్రె, అందులోని మెదడు, కళ్లు, వెన్నుపాము ఆహారంలోకి రాకూడదు. పిచ్చిపశువు జబ్బు, అంటే మ్యాడ్ కౌ, తర్వాత వచ్చిన నియమం ఇది. శాశ్వత పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చిందంటే ఏడాది దాటినట్టే లెక్క. ఐరోపా సమాఖ్య దేశాల్లోనూ ఇదే. అందుకని ‘తలకాయ ఉందా’ అని అడగొద్దు, ‘ఏడాది లోపు మేక తల ఉందా’ అని అడగండి. కసాయికి మీకు నియమం తెలుసని అర్థమవుతుంది, ఉంటే ఇస్తాడు. ముదురుదాని నాలుక మాత్రం దొరుకుతుంది.

తోలుతో కాల్చిన మాంసం ఎవరైనా చాటుగా అమ్మితే కొనకండి. ఇక్కడ వాటిని ‘స్మోకీలు’ అంటారు. తోలుతో కాల్చిన గొర్రె, మేక ఒళ్లను అమ్మడం నిషిద్ధం. దొరికేవి తనిఖీ లేని చోట కోసినవే. కాళ్లు తోలుతో అమ్మొచ్చు, అవి వేరే లెక్క.

కరీబియన్, పాకిస్తానీ, బంగ్లాదేశీ దుకాణాలు ఉన్న వీధిలో మేక ఉంటుంది. ‘మటన్’ అని రాసిన ట్రేలో గొర్రె ఉంటుంది, కొన్నిచోట్ల రెండూ కలుపుతారు. ముక్కలు చేయకముందు ఒళ్లు చూపించమని అడగడమే మందు.

రైన్ఒడ్డు:
జర్మనీ. తుర్కిష్ దుకాణాల్లో గొర్రెపిల్ల బోలెడు, మేక అరుదు. ‘త్సీగె’ అంటే మేక, ‘త్సిక్లైన్’ లేదా ‘త్సీగెన్‌లామ్’ అంటే మేకపిల్ల. రెండోదాంట్లో లామ్ ఉందని గొర్రె అనుకుని వదిలేయకండి.

ఇక్కడ మేక అంటే పాల కోసం. మగపిల్లలు జనవరి నుంచి మార్చి మధ్య పుడతాయి, ఈస్టర్‌కు కోసేస్తారు. అప్పటికి ఐదు నుంచి ఎనిమిది వారాల పిల్లలు, ఒళ్లు ఐదారు కిలోలు. మాంసం తెల్లగా, మెత్తగా, రుచి చప్పగా ఉంటుంది. పులుసు పెడితే కరిగిపోతుంది, మసాలాకు ఆగదు. వేపుడుకు, ఓవెన్‌కు బాగుంటుంది. మీకు కావాల్సింది ఆర్నెల్ల నుంచి పది నెలల పిల్ల అయితే, వసంతంలోనే జున్ను తయారుచేసే మేకల ఫారానికి వెళ్లి ‘రెండు పిల్లలను శరదృతువు దాకా మేపి ఇస్తారా’ అని అడిగి అడ్వాన్సు ఇవ్వండి. మగపిల్లలను అమ్ముకోలేక సతమతమయ్యే ఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి ఒప్పుకోవడానికి అవకాశం ఎక్కువ. మీరే కోసుకుంటానని మాత్రం అనకండి. జర్మనీలో ముందు స్పృహ తప్పించకుండా కోయడానికి ప్రత్యేక అనుమతి కావాలి, కోసేవాళ్లకు అర్హత పత్రం ఉండాలి.

రెండుకిలోలు:
ఊరి నుంచి వచ్చేవాళ్లతో మటన్ పచ్చడి, ఒట్టితునకలు తెప్పించుకుంటే సరిపోదా?

వానఊరు:
సరిపోదు. పచ్చడైనా, ఎండబెట్టినదైనా మాంసమే. భారత్ నుంచి మాంసం సామాను బ్రిటన్‌కూ, ఐరోపా సమాఖ్యకూ, అమెరికాకూ సంచిలో తేకూడదు. గాలికుంటు వ్యాధి భయం ఒక పెద్ద కారణం, నూనెలో వేయించినా ఎండబెట్టినా వైరస్ చచ్చిందని వాళ్లు నమ్మరు. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి పక్కనున్న ఐరోపా దేశాల నుంచి కూడా మాంసం తేవద్దంది. ఆస్ట్రేలియాలో దాస్తే జరిమానాతో పాటు వీసా కూడా రద్దు కావచ్చు. తెలియక తెచ్చేస్తే ఫారంలో రాసి అప్పజెప్పండి, దాస్తేనే అసలు నష్టం.

చలిపొయ్యి:
ధన్యవాదాలు అందరికీ. ప్రాసెసర్‌కు కోత కాగితం నింపాలంట. అందులో ఏం రాయాలి? ఫ్రీజర్ చిన్నదే.

కత్తిపీట:
34 పౌండ్ల ఒంటికి ఇలా రాయండి. మొత్తం ఎముకతో, అంగుళం ముక్కలు. ‘కర్రీ కట్’ అంటే చాలామందికి అర్థమవుతుంది, కానివాళ్లకు ‘వన్ ఇంచ్ బోన్ ఇన్ క్యూబ్స్’. ముంజేతి, పిక్క ఎముకలు రెండంగుళాల ముక్కలుగా విడిగా, లేకపోతే మూలుగ అంతా రంపం పొడిలో పోతుంది. మెడ అడ్డంగా ముప్పావు అంగుళం బిళ్లలు. పక్కటెముకలు విడిగా. ఖీమా కావాలంటే పొట్ట పక్క కండ, భుజంలో సగం ఇవ్వండి. ఎముక తీయాలి కాబట్టి బరువు సగానికి దగ్గరగా పడిపోతుంది, ఆశ పెట్టుకోవద్దు.

రంపానికి పెట్టేముందు ఒంటిని గట్టిగా చల్లబరచమనండి, గడ్డ మాత్రం కట్టించవద్దు. చల్లటి కండ శుభ్రంగా తెగుతుంది, గడ్డకట్టింది పెచ్చులు రేగుతుంది. కత్తితో కొడితే పొడి ఉండదు గానీ గాజుపెంకుల్లాంటి ఎముక ముక్కలు వస్తాయి, పిల్లలున్న ఇంట్లో రంపమే మేలు.

ప్యాకెట్ రెండు పౌండ్లకు మించొద్దు. వాక్యూమ్ సంచిలో ఎముక మొన పొడిస్తే గాలి చేరి మూడు వారాల్లో అంచులు తెల్లబడతాయి. ఎముక ముక్కలకు ముందు మందపాటి కాగితం చుట్టి తర్వాత వాక్యూమ్ వేయమనండి. మైనస్ 18లో ముక్కలు ఆరు నెలలు నిశ్చింతగా ఉంటాయి, ఖీమా, కార్జం మూడు నాలుగు నెలలు. ఒకేసారి 30 పౌండ్ల వెచ్చటి మాంసాన్ని చిన్న ఫ్రీజర్‌లో కుక్కితే మధ్యవి గడ్డ కట్టడానికి రెండు రోజులు పడుతుంది. గడ్డకట్టించి ఇవ్వమనండి, మీరు ఐస్‌బాక్సులో తెచ్చి సర్దుకోవడమే.

మూలుగబొక్క:
నాటుకోడి కూడా అడుగుతారేమో, ముందే చెప్పేస్తా. అమెరికాలో ‘స్ట్యూయింగ్ హెన్’, యూకేలో ‘బాయిలింగ్ ఫౌల్’, జర్మనీలో ‘జుప్పెన్‌హూన్’. గుడ్లు పెట్టడం మానేసిన కోడి. నాటుకోడి కాదు గానీ బ్రాయిలర్ కన్నా గట్టి కండ, పులుసుకు నిలబడుతుంది. కుక్కర్‌లో అరగంటకు తక్కువ పెట్టొద్దు, పైకొవ్వు సగం తీసేయండి.

చలిపొయ్యి:
ఫోన్ చేసినప్పుడు రైతును, ప్రాసెసర్‌ను ఏ వరసలో అడగాలి? ముందు ఎవరికి చేయాలి?

కత్తిపీట:
ముందు ప్రాసెసర్‌కే. తేదీ లేకుండా మేక కొంటే దాన్ని ఎక్కడ కట్టేస్తారు? అడగాల్సినవి: మేకలు కోస్తారా, తనిఖీ ఉందా లేక కస్టమా, కోత కూలి ఎంత, ఎన్ని గంటలు వేలాడదీస్తారు, తల, కాళ్లు, కార్జం, బోటీ ఇస్తారా, ఏ తేదీ ఖాళీ ఉంది. దగ్గర్లో మేకలు అమ్మే రైతులెవరో కూడా ఆయన్నే అడగండి, ఎవరి మేకలు ఎలా ఉంటాయో ఆయనకే బాగా తెలుసు.

తర్వాత రైతుకు: వయసు, వెదరా ఆడదా, బతికున్న బరువు, చివరిసారి నట్టల మందు ఎప్పుడు వేశారు. మందుల గడువు పూర్తి కాని మేకను తీసుకోవద్దు. ఎన్ని రోజులు ఆగాలో ఆ మందు మీద ఆధారపడి ఉంటుంది, సీసా మీద రాసి ఉంటుంది. మేకలకు గొర్రెల మందులు పశువైద్యుడి సలహాతో వాడుతుంటారు, అప్పుడు గడువు వైద్యుడు చెప్పిందే లెక్క. తారీఖు చెప్పలేని రైతు అయితే ఇంకొకరిని చూసుకోండి. కబేళాకు మేకను తనే చేరవేస్తాడా అని కూడా అడగండి, చాలామంది చేరుస్తారు. కోతకు ముందురోజు రాత్రి మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టమనండి. పొట్ట ఖాళీగా ఉంటే బోటీ కడగడం మీకే తేలిక.